అమ్మ పెట్టుకున్న చుక్కను నా డిజైన్ తుడిచేసింది: పొరపాటు ఏ దశలో జరిగింది?

కొత్తగీత:

అందరికీ నమస్కారం.

నాలుగు నెలలుగా సాయంత్రం వేళల్లో వస్తువుల డిజైన్ మీద ఒక కోర్సు చదువుతున్నాను. అందులో మాకిచ్చిన మొదటి పని ఇది: ఇంట్లో రోజూ వాడే వస్తువును ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని వాడేవాళ్లను గమనించి, సమస్యను ఒక్క వాక్యంలో రాసుకుని, పరిష్కారం ఆలోచించి, నమూనా తయారుచేసి, వారం రోజులు వాడించి చూడాలి. నేను మా హాల్లోని స్విచ్ బోర్డును ఎంచుకున్నాను. ఎనిమిది స్విచ్‌లు ఒకే వరుసలో ఉంటాయి. అన్నీ తెల్లనివే, అన్నీ ఒకే కొలతవే. పదేళ్లుగా అదే ఇంట్లో ఉంటున్నా, నడవలో దీపం వెయ్యబోయి హాల్లో ఫ్యాను ఆపేయడం మాలో అందరికీ ఇప్పటికీ జరుగుతూనే ఉంటుంది.

నేను రాసుకున్న సమస్య ఇది: "ఏ స్విచ్ దేనిదో చూడగానే తెలియడం లేదు." దానికి తగ్గట్టే ఒక్కో మీట మీద అతికించడానికి చిన్న చిన్న బొమ్మల స్టిక్కర్లు గీశాను. దీపానికొకటి, ఫ్యానుకొకటి, నడవకొకటి, బయటి గుమ్మానికొకటి. గీతల మందం దగ్గర్నుంచి మూలల గుండ్రందనం వరకు ప్రతిదాన్నీ మార్చి మార్చి గీస్తూ పదిహేను రోజులు శ్రమపడ్డాను.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ బోర్డులో మూడో మీట మీద మా అమ్మ ఎప్పుడో ఎర్రటి నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టుకుంది. ఏడో మీట మీద అడ్డంగా ఒక టేపు ముక్క ఉండేది. స్టిక్కర్లు సాఫీగా అంటుకోవాలని నేను ఆ చుక్కను రిమూవర్‌తో తుడిచేసి, టేపును పీకేశాను. గమనించిన విషయాల జాబితాలో "ఇంట్లోవాళ్లు చేసుకున్న తాత్కాలిక గుర్తులు" అని ఒక్క ముక్క రాసుకుని ముందుకు వెళ్లిపోయాను.

ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు మొదటిసారే సరైన స్విచ్ వేశారు. అది చూసి పని నెరవేరిందనే అనుకున్నాను. రెండో రోజు సాయంత్రం ఎవరో ఏడో స్విచ్ ఆపడంతో ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. మూడో రోజు రాత్రి మా అమ్మ చీకట్లో బోర్డు ముందు నిలబడి ఒకదాని తర్వాత ఒకటిగా అన్నీ వేసి, ఇంటిల్లిపాదినీ లేపేసింది. నాలుగో రోజు పొద్దున చూసేసరికి నా స్టిక్కరు మీదే మళ్లీ ఎర్ర చుక్క ఉంది.

అలవాటు మారడానికి వారం చాలదని, పరీక్షను ఇంకొన్నాళ్లు పొడిగించమని మా మాస్టారు అన్నారు. ఆయన మాట కాదనడం లేదు గానీ, ఆ సమాధానం నాకు మింగుడుపడలేదు. నా పొరపాటు ఏ దశలో జరిగింది? ఆ చుక్కను కూడా డిజైన్ అనవచ్చా? గమనించు, నిర్వచించు, ఆలోచించు, తయారుచేయి, పరీక్షించు అని మాకు నేర్పుతున్న వరుస నిజమైన పనిలో అలాగే నడుస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


నమూనాలబల్ల:

కొత్తగీత గారూ, మీ ప్రశ్న చదివాక నా పాత పని ఒకటి గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా వస్తువుల డిజైన్‌లో పనిచేస్తున్నాను. ఒకసారి ఒక చేతి పరికరాన్ని కొత్తగా రూపొందించే పనిలో ఉండగా, వాడేవాళ్లలో చాలామంది దాని పిడి చుట్టూ రబ్బరు బ్యాండు చుట్టుకోవడం చూశాం. బ్యాటరీ మూత ఊడిపోతోంది కాబోలు, దాన్ని పట్టి ఉంచడానికి చుట్టారని అందరం అనుకున్నాం. మూత గొళ్లెం గట్టిగా ఉండేలా మార్చి, ఆ మార్పుకు చాలా కాలం వెచ్చించాం. కొత్త నమూనా చేతికిచ్చిన మర్నాటికే దాని మీదా రబ్బరు బ్యాండు ప్రత్యక్షమైంది. అప్పుడు గానీ ఎందుకని అడగలేదు. చెమట పట్టిన చేతిలో పరికరం జారిపోతోందట. మూతతో సంబంధమే లేదు.

మీ పొరపాటు, మా పొరపాటు ఒక్కటే. మీరు బోర్డును గమనించారు, మనుషులు పొరపడటాన్ని గమనించారు. ఆ పొరపాటును తప్పించుకోవడానికి వాళ్లు అప్పటికే చేసుకున్న పనిని మాత్రం చెత్తగా లెక్కేసి తుడిచేశారు. ఒక మనిషి లేచి వెళ్లి, సీసా తెచ్చి, ఎనిమిదింటిలో ఒక్కదాన్నే ఎంచి గుర్తు పెట్టిందంటే, అంతకంటే స్పష్టమైన పరిశీలన మీకు ఇంకెక్కడా దొరకదు. ఉన్న పరిస్థితిని తనకు కావలసిన పరిస్థితిగా మార్చుకునేందుకు మార్గం ఆలోచించే ప్రతి ఒక్కరూ డిజైన్ చేస్తున్నట్టేనని హెర్బర్ట్ సైమన్ 1969లో ప్రతిపాదించారు. ఆ లెక్కన మీ అమ్మగారు చేసింది నిస్సందేహంగా డిజైనే. పైగా మీదాని కంటే ఎక్కువ కాలం పరీక్షకు నిలిచిన డిజైన్.

ఇలాంటి గుర్తులకు గౌరవమైన చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బి-17 బాంబర్ విమానాలను నడిపే పైలట్లు, నేల మీదికి సురక్షితంగా దిగాక, రెక్కల ఫ్లాపులను వెనక్కి తీయబోయి చక్రాలను లోపలికి ముడిచేసేవారు. విమానం పొట్ట నేలకు ఆనేది. శిక్షణ చాలకనో, అలసట వల్లనో అలా జరుగుతోందని భావించారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌ను పరిశీలించి, ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయని గుర్తించారు. చక్రాల స్విచ్‌కు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాపుల స్విచ్‌కు చీలిక ఆకారపు ముక్కను తగిలించారు. చేయి వెయ్యగానే ఏది ఏదో పైలట్‌కు తెలిసిపోయేది. విమానాన్ని మార్చలేదు, పైలట్‌ను మార్చలేదు. మీ బోర్డు మీద చుక్క చేసిన పని అదే.

ఇదే చపానిస్ మరొకరితో కలిసి నాలుగు బర్నర్ల పొయ్యి మీద జరిపిన పరిశోధన 1959లో వెలువడింది. బర్నర్లు చతురస్రంగానూ, నాబ్‌లు ఒకే వరుసలోనూ ఉన్నప్పుడు ఏ నాబ్ దేనిదో జనం తడబడ్డారు. బర్నర్లనే కాస్త పక్కకు జరిపి, నాబ్‌ల వరుసతో పోలిక కుదిరేలా అమర్చిన నమూనాలో ఒక్క పొరపాటు కూడా నమోదు కాలేదు. అక్కడ ఏ బొమ్మా అంటించలేదు. అందుకే బొమ్మ గీయడానికి ముందు, బొమ్మ అవసరమే లేకుండా చేయగలమా అని ఒకసారి అడుగుతాం. మీ బోర్డులో ఆ పోలిక కుదర్చడం కష్టం. స్విచ్‌లు గోడ మీద నిలువు తలంలో, దీపాలు పైకప్పు మీద అడ్డ తలంలో ఉంటాయి. అయినా ఎడమ చివరి స్విచ్ ఎడమ వైపు దీపానికి, కుడి చివరిది కుడి వైపు దీపానికి వెళ్లేలా చేసినా తడబాటు చాలావరకు తగ్గుతుంది.

ఇక దశల వరుస గురించి. కోర్సుల్లో గీసే బాణాల బొమ్మ అబద్ధం కాదు, కానీ అది పని ముగిశాక ఇతరులకు వివరించడానికి గీసే బొమ్మ. హోర్స్ట్ రిటెల్, మెల్విన్ వెబర్ 1973లో నగర ప్రణాళికలోని చిక్కు సమస్యల గురించి రాస్తూ, పరిష్కారం గురించి ఆలోచించకుండా సమస్యను పూర్తిగా నిర్వచించడం సాధ్యం కాదన్న అర్థంలో వాదించారు. స్విచ్ బోర్డు అంత చిక్కు సమస్య కాదనుకోండి, అయినా ఈ ఒక్క మాట దానికీ వర్తిస్తుంది. మీ స్టిక్కరు అంటించకపోతే ఆ చుక్క ఎంత అవసరమో మీకు తెలిసేదే కాదు. అందువల్ల మీ పరీక్ష విఫలమైందని నేను అనుకోవడం లేదు. అది మిమ్మల్ని మళ్లీ మొదటి వాక్యం దగ్గరికి పంపింది. ఆ వాక్యాన్ని తిరగరాయండి. ఈసారి అందులో ఎవరికి, ఏ వేళలో అన్న రెండు మాటలూ ఉండాలి.


తీగలపని:

నేను డిజైనర్‌ను కాను, ఇళ్లకు వైరింగ్ చేసేవాణ్ని. ఆ బోర్డులో వరుస అలా ఎందుకు వచ్చిందో పైవాళ్లెవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

స్విచ్‌లు బిగించే రోజున ఆ ఇంట్లో సామాను ఉండదు, ఒక్కోసారి తలుపులు కూడా ఉండవు. గోడలోని మెటల్ బాక్సులోకి పైపుల గుండా తీగలు వచ్చి వేలాడుతుంటాయి. ఏ తీగ ఏ పైపులోంచి వచ్చింది, ఎంత పొడవు మిగిలింది అన్నదాన్ని బట్టి మేం బిగిస్తాం. కుడి పైపులోంచి వచ్చింది కుడి వైపు స్విచ్‌కు పోతుంది. ఆ పైపు గోడలో ఏ దారిన వచ్చిందన్నది తాపీ పని నాడు తేలిపోయిన విషయం. అంటే మీరు పదేళ్లుగా తడబడుతున్న వరుసను నిర్ణయించింది ఏ మనిషి ఆలోచనా కాదు, పైపుల దారి. "ఈ ఇంట్లో రాత్రి ముందుగా ఏ దీపం వేస్తారు?" అని నన్ను ఇన్నేళ్లలో అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. నేనూ అడగలేదు. ఇది రాస్తుంటే అది నాకు బాధగానే ఉంది.

అయితే మార్చడం మీరనుకున్నంత కష్టం కాదు. కరెంటు తెచ్చే తీగ, అంటే ఫేజు తీగ, ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు లూపుగా పోతుంది. దీపానికి వెళ్లే తీగను ఒక స్విచ్ నుంచి విప్పి మరో స్విచ్‌కు బిగిస్తే వరుస మారిపోతుంది. బాక్సులో తీగ పొడవు సరిపోతే అరగంట పని. ఒకే దీపాన్ని రెండు చోట్ల నుంచి వేసి ఆర్పే టూ-వే స్విచ్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దానికి మూడు తీగలుంటాయి కాబట్టి స్విచ్‌ను తీగలతో సహా మార్చాలి. మెయిన్ ఆపకుండా మాత్రం బోర్డు విప్పవద్దు, తెలిసినవాళ్లతోనే చేయించండి.

ఇక మీ ఏడో స్విచ్. నేను వెళ్లిన ఇళ్లలో స్విచ్‌ల మీద టేపు చాలాసార్లు చూశాను. చుక్క పెట్టారంటే "ఇదే వెయ్యి" అని. టేపు వేశారంటే "దీన్ని ముట్టుకోకు" అని. రెండూ గుర్తులే అయినా వాటి అర్థాలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. మీరు రెంటినీ ఒకే మాట కింద రాసుకుని, రెంటి మీదా ఒకే రకం బొమ్మ అంటించారు. "ఇది ఇంటర్నెట్‌ది" అని బొమ్మ చెబుతుంది, దాన్ని ఆపకూడదని చెప్పదు కదా. నన్నడిగితే ఆ సాకెట్‌ను హాలు బోర్డు నుంచి తప్పించి స్విచ్ లేకుండా నేరుగా ఇచ్చేయడమో, మోడెంను ఇంకో సాకెట్‌కు మార్చడమో చేస్తాను. అప్పుడు అక్కడ గుర్తుతోనే పని లేదు.

ఇంకొక్క మాట. మీట కిందికి ఉంటే వేసినట్టా, పైకి ఉంటే వేసినట్టా అన్నది కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. బ్రిటన్‌లో కిందికి నొక్కితే వెలుగుతుంది, అమెరికాలో పైకి. టూ-వే స్విచ్‌కైతే ఏ దేశంలోనూ ఆ లెక్క లేదు. రెండో చివర ఎవరు ఎలా వదిలారన్నదాన్ని బట్టి మారుతుంది.


వేలికొన:

కొత్తగీత గారికి ఒక చిన్న ప్రశ్న. ఆ నెయిల్ పాలిష్ చుక్క చదునుగా ఉందా, ఉబ్బెత్తుగా ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, నాకు చూపు బాగా తక్కువ. మా ఇంట్లోనూ ఇలాంటి చుక్కలు చాలా ఉన్నాయి, వాటి రంగుతో నాకు ఏ పనీ లేదు. మీ అమ్మగారు అది ఎర్రగా కనబడాలని పెట్టుకున్నారని మీరు అనుకున్నారు. ఇంత వివరంగా సమాధానమిచ్చిన పెద్దలు కూడా రబ్బరు చక్రాన్ని చేతితో తాకి గుర్తుపట్టడం గురించి చెప్పి, చుక్క దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి తరచి అడగలేదు. ఆమె తడబడింది చీకట్లో. చీకట్లో ఎరుపు లేదు, మీ బొమ్మలూ లేవు. మీ సమస్యా వాక్యంలో "చూడగానే" అన్న మాట ఉంది. ఆ ఒక్క మాటతోనే పరిష్కారం కంటికి కట్టుబడిపోయింది. ఆ తర్వాత మీరు పదిహేను రోజులు ఎంత శ్రద్ధగా గీసినా అది కంటి కోసం గీసిన గీతే అవుతుంది.

మీరు దీన్ని కంప్యూటరులో టైపు చేసి ఉంటే కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల మీటలను ఒకసారి తడిమి చూడండి. రెంటి మీదా చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. టెలిఫోన్ మీటల్లో 5 మీద చుక్క ఉంటుంది. ఆ ఒక్క చుక్క ఆధారంగా మిగిలిన అంకెలన్నీ వేలికి దొరుకుతాయి. అన్ని మీటల మీదా చుక్కలు పెడితే ఏదీ దొరకదు. ఎనిమిది స్విచ్‌లకూ ఎనిమిది బొమ్మలు అంటించడంలో ఉన్న ఇంకో ఇబ్బంది ఇదేనని నాకు అనిపిస్తుంది: అన్నీ సమానంగా మాట్లాడుతున్నప్పుడు అవసరమైనది వినబడదు. మీ అమ్మగారు ఒక్కదాన్నే ఎంచుకున్నారు.

మామూలు మనిషికి సరిపోయేలా చేశామని కొందరు అంటుంటారు. 1950ల మొదట్లో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకుని, ముఖ్యమైన 10 కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎందరో లెక్కించారు. ఒక్కరూ లేరు. ఆ తర్వాతే మనిషికి తగ్గట్టు జరుపుకునే సీట్లు, పెడళ్లు కావాలన్న మాటకు బలం వచ్చింది. మీ బోర్డును వాడేది నలుగురో ఐదుగురో అయి ఉంటారు. వాళ్లలో ఒకరు రాత్రి కళ్లజోడు తీసేసి నడుస్తారు. ఆ మనిషిని సగటులో కలిపేయకండి.

ఉబ్బెత్తు చుక్కల స్టిక్కర్లు విడిగా అమ్ముతారు; నావంటివాళ్లం ఇంట్లో యంత్రాల మీటల మీద అవే అంటించుకుంటాం. ముందు మీ అమ్మగారిని అడిగి చూడండి.


ముల్లుదారి:

ఒక కర్మాగారం కంట్రోల్ రూములో పదకొండేళ్లు పనిచేశాను. ఈ చర్చలో స్విచ్ దొరకడం గురించే మాట్లాడారు; నొక్కిన తర్వాత ఏం జరిగిందో ఎలా తెలుస్తుందన్నది కూడా చూడాలి. హాల్లో నిలబడి బయటి దీపం స్విచ్ నొక్కితే అది వెలిగిందో లేదో గోడ అవతల ఉంటుంది. మీట మీద చిన్న ఎర్ర బల్బు ఉండే స్విచ్ పెడదామని మీకు తప్పక ఆలోచన వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను: ఆ బల్బు స్విచ్ ఏ స్థితిలో ఉందో చెబుతుంది, అంతే. గుమ్మం బయటి బల్బు మాడిపోయి ఉన్నా అది వెలుగుతూనే ఉంటుంది.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో పీడనాన్ని తగ్గించే వాల్వు ఒకటి తెరుచుకుని, మూసుకోవలసిన సమయంలో మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూము ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం వాల్వు మూసుకుందా అన్నది చెప్పేది కాదు, మూసుకొమ్మనే సంకేతం వెళ్లిందా అన్నది మాత్రమే చెప్పేది. దీపం ఆరింది కనుక వాల్వు మూసుకుందని సిబ్బంది అనుకున్నారు. రెండు గంటలకు పైగా శీతలీకరణ నీరు బయటికి పోతూనే ఉంది, రియాక్టర్ కోర్‌లో చాలా భాగం కరిగిపోయింది. ప్రమాదానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇదొక ముఖ్యమైన కారణం.

మా కంట్రోల్ రూములోనూ ఇలాంటి దీపాలు ఉండేవి. వాటి పక్కన ఆపరేటర్లు పెన్నుతో రాసుకున్న చీటీలు ఉండేవి. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే ఆ చీటీలు పీకేసి ప్యానెల్ శుభ్రంగా కనిపించేలా చేసేవారు. ఏ చీటీ ఎందుకు రాశారని ఒక్కరైనా అడిగి ఉంటే ప్యానెల్‌లో మార్చవలసిన వాటి జాబితా మొత్తం అక్కడే దొరికేది.


కొత్తగీత:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వేలికొన గారి ప్రశ్న చదివిన వెంటనే వెళ్లి అమ్మను అడిగాను. అడగడానికి నాకు ఇన్ని రోజులు పట్టినందుకు సిగ్గుపడుతున్నాను.

చుక్క ఉబ్బెత్తుగానే ఉంది. ఆరాక మళ్లీ ఒకటి, దాని మీద మరొకటి, మొత్తం మూడు పూతలు వేసిందట. రంగు గురించి అడిగితే, "ఏ రంగైతే ఏమిటి, చేతికి అందిన సీసా అది" అంది. రాత్రి లేచినప్పుడు కళ్లజోడు మంచం దగ్గరే ఉండిపోతుంది. గోడ పట్టుకుని వచ్చి, బోర్డు ఎడమ అంచు నుంచి వేలు జరుపుకుంటూ పోతే మూడోది నడవ దీపం. మొదట్లో లెక్కపెట్టుకునేదట, మీటల మధ్య సందు మరీ సన్నం కావడంతో రెండో మూడో తెలియక చుక్క పెట్టుకుంది. టేపు సంగతి కూడా తీగలపని గారు చెప్పినట్టే: దాన్ని వేసింది మా తమ్ముడు, మోడెం ఆగిపోకుండా.

ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పి, కళ్లు మూసుకుని నేనే ప్రయత్నించాను. నా నున్నటి స్టిక్కర్లతో పదిసార్లలో నాలుగుసార్లు తప్పు స్విచ్ మీద వేలు ఆగింది. స్టిక్కర్లు అంటించాక మీటల అంచులు కూడా వేలికి సరిగా తెలియడం లేదని అప్పుడే గమనించాను. అంటే చుక్కను తుడవడమే కాదు, లెక్కపెట్టుకునే పాత ఆధారాన్ని కూడా నేను చెరిపేశాను. చుక్క ఉన్న మీటతో పదిసార్లూ సరిగ్గా దొరికింది.

సమస్యను తిరగరాశాను. "రాత్రి చీకట్లో కళ్లజోడు లేకుండా వచ్చే మనిషి వేలికి నడవ దీపం మీట వెతక్కుండా దొరకాలి. మోడెం మీట ఎవరి వేలికీ పొరపాటున కూడా దొరకకూడదు. కొత్తగా వచ్చినవాళ్లకు పగటి వేళ మిగిలినవి తెలియాలి." మూడో వాక్యానికి నా పాత బొమ్మలు పనికొస్తాయి, కానీ వాటిని మీటల మీద కాకుండా పైన ప్లేటు అంచున చిన్నగా పెడతాను. మోడెంను వేరే సాకెట్‌కు మార్చేశాం, ఏడో స్విచ్ ప్రస్తుతం ఖాళీ.

ఒక్క సందేహం మిగిలింది. నడవ దీపాన్ని మూడో స్థానం నుంచి ఎడమ చివరికి మారిస్తే మేలా? అంచు వేలికి ముందుగా తగులుతుంది కదా.


నమూనాలబల్ల:

కొత్త ఇల్లయితే ఆలోచించకుండా చివరికే పెట్టమంటాను. అంచు కన్నా మంచి ఆనవాలు వేలికి ఉండదు. మీ కొత్త సమస్యా వాక్యాలు చాలా బాగున్నాయి, ముఖ్యంగా రెండోది. చాలామంది దొరకడం గురించే రాస్తారు గానీ, దొరకకూడదని రాయడం గుర్తుండదు. ముల్లుదారి గారు చెప్పిన చీటీల మాట నేను రాసిపెట్టుకున్నాను, నా దగ్గర నేర్చుకునేవాళ్లకు రేపే చెబుతాను.


వేలికొన:

నేను మార్చవద్దంటాను. ఆమె చేతికి మూడోది అలవాటైంది. చివరికి మారిస్తే కొన్ని నెలలపాటు నిద్రమత్తులో ఆ చేయి పాత చోటికే పోతుంది. మీకు అంచు బాగుందని పగలు కూర్చుని ఆలోచించినప్పుడు అనిపించింది. నిర్ణయం మాత్రం రాత్రి లేచే మనిషిది.


తీగలపని:

ఇద్దరి మాటా సరైనదే కాబట్టి ఒక పద్ధతి చెబుతాను. నడవ దీపానికి మీ పడకగది దగ్గర కూడా స్విచ్ ఉంటే అది టూ-వే అయి ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఎలాగూ స్విచ్‌ను తీగలతో సహా తియ్యాలి. మాడ్యులర్ స్విచ్ అయితే ప్లేటు విప్పగానే ఒక్కోటి విడిగా ఊడి వస్తుంది. కనుక మీ అమ్మగారు ఒప్పుకుంటే, ఆ చుక్క ఉన్న స్విచ్‌నే తీసి ఎడమ చివర బిగించండి. చోటు మారినా వేలికి తెలిసిన చుక్క ఆమెతోనే ఉంటుంది. రెండు వారాలు చూడండి. కుదరకపోతే మళ్లీ మూడో స్థానానికి తేవడానికి పట్టేది అదే అరగంట. ముందుగా బాక్సులో తీగ పొడవు ఎంత మిగిలిందో చూసుకోండి. పొట్టిగా ఉంటే లాగి బిగించకండి, వదులుగా ఆగిన తీగ తర్వాత వేడెక్కుతుంది. ఏడో స్థానంలో ఖాళీగా మిగిలిన స్విచ్‌ను తీసేసి అక్కడ బ్లాంక్ ప్లేటు పెట్టించండి. ఆ చోట మీట లేదన్న సంగతి కూడా చీకట్లో వేలికి ఒక గుర్తుగా పనికొస్తుంది.